డంపింగ్ యార్డ్ మీద కంపోస్టు కప్పితే మీథేన్ తగ్గుతుందా? (అనంతపురం దగ్గర)

చెనక్కాయచేను:
అన్నా అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర ఒక పెద్ద పంచాయతీ, ఊరి బయట పదేళ్ళ నుంచి చెత్త పోస్తా ఉండారు, రెండెకరాలుంటుంది, రెండు నిలువుల ఎత్తు లేసింది. ఎండాకాలం వచ్చిందంటే ఎవరూ అంటించకపోయినా పొగ వస్తానే ఉంటుంది. మొన్న ఒకాయన వచ్చి బ్యాక్టీరియా ద్రావణం డ్రమ్ములు చల్లితే కుళ్ళే చెత్తలో పుట్టే మీథేన్ గ్యాస్ మొత్తం పోతుందని లక్షల్లో కొటేషన్ ఇచ్చిపోయినాడు. పైపులేసి గ్యాస్ లాగి కరెంటు తీసేంత డబ్బు మా దగ్గర యాడుంది. ఊరికే కంపోస్టు కప్పినా చాలని యాడో చదివినా, నిజమేనా?

కర్నూలు_కంపోస్టు:
నిజమేనప్పా. ఆ డ్రమ్ముల జోలికి పోవద్దు. మీథేన్ తిని బతికే బ్యాక్టీరియాని మెథనోట్రోఫ్స్ అంటారు, అవి మట్టిలో, కంపోస్టులో ముందే ఉంటాయి, కిందనుంచి గ్యాస్, పైనుంచి గాలి, కాస్త తడి దొరికితే వాటంతటవే పెరుగుతాయి. మీథేన్ని కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు చేసేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కూడా వేడి పెంచేదే కదా అంటావేమో, కానీ నూరేళ్ళ లెక్కన మీథేన్ దానికి సుమారు 28 రెట్లు, 20 ఏళ్ళ లెక్కనైతే 80 రెట్ల దాకా పోతుంది.
కింద ఇటుక ముక్కలో కంకరో జానెడు పరిచి (గ్యాస్ ఒకే చోట ఎగజిమ్మకుండా అంతా సమానంగా పైకి రావాలి) దానిపైన రెండు మూడడుగులు కంపోస్టు వేయాల. బాగా మాగినదే వేయాల, పచ్చిదేస్తే అదే ఆక్సిజన్ తినేసి, తడి ఎక్కువైతే తనే మీథేన్ వదులుతుంది. మీ దగ్గర చెనక్కాయ పొట్టుకు కరువా, అది కలిపితే గాలాడుతుంది. కోళ్ళ ఎరువు మాత్రం కలపద్దు, అమ్మోనియా ఎక్కువైతే ఈ బ్యాక్టీరియా పని మందగిస్తుంది. ఇంకోటి, మా వైపు ఉండేలాంటి నల్లరేగడి మట్టి మాత్రం కప్పొద్దు, ఎండకు బీటలిచ్చి గ్యాసంతా ఆ బీటల్లోంచే పోతుంది.

ఎండమావి:
అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, ఏప్రిల్ మేలో ఆ కంపోస్టు ఎండి పొడైపోతే బ్యాక్టీరియా ఏం పని చేస్తుంది? తాగే నీళ్ళకే ట్యాంకర్లు తిరుగుతుంటే చెత్తకుప్పకు నీళ్ళు పెడతారా ఎవరైనా. యూరప్ వాళ్ళ చిట్కాలు ఇక్కడ పనికిరావు బ్రో.

కర్నూలు_కంపోస్టు:
పాయింటే. కానీ లోపల కుళ్ళడం కూడా తడి మీదే ఆధారం కదా, వానలు పడినాక గ్యాస్ పెరుగుతుంది, అప్పటికి పైనుండే కంపోస్టు కూడా తడిసి ఉంటుంది. ఎండాకాలానికి పైన పొట్టు మందంగా పరిచి గడ్డి పెంచితే కొంత తడి నిలుస్తుంది. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాల, నీళ్ళు కారకూడదు, అంతే లెక్క. అయినా నూటికి నూరు ఆగుతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

కడప_అక్క:
నేను కొన్నాళ్ళు ఒక మున్సిపాలిటీలో చెత్త పనులు చూసినా. రెండు మాటలు చెప్తా తమ్ముడూ. వాసన పోయిందంటే మీథేన్ పోయిందని కాదు, మీథేన్‌కు అసలు వాసనే ఉండదు, ఆ డ్రమ్ముల వాళ్ళు వాసన తగ్గించి గ్యాస్ తగ్గిందని చూపిస్తారు. రెండోది, పొగ వస్తా ఉండే చోట జేసీబీ పెట్టి తవ్వనియ్యొద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి నిప్పురవ్వ చాలు, బీడీలు తాగేవాళ్ళను దగ్గరికి రానీయొద్దు. ముందు మంట ఆరినాకే కప్పుడు.
పాత చెత్త బయోమైనింగ్ చేస్తే (అంటే తవ్వి జల్లెడ పట్టి వేరు చేస్తే) జల్లెడ కింద సన్న మట్టి మిగులుతుంది, రైతులు ఊరికే వస్తుందని తోలుకుపోతారు, దాంట్లో గాజు, ప్లాస్టిక్ తునకలు, సీసం లాంటివి ఉండొచ్చు, పొలాలకు వద్దు, కుప్ప కప్పడానికి పనికొస్తుంది. ఇదంతా ఒకెత్తు, తడి చెత్త యార్డుకు పోకుండా చూడ్డం ఒకెత్తు. మన ఊర్ల చెత్తలో సగం దాకా తడిదే, హోటళ్ళ చెత్త, కూరగాయల మార్కెట్ చెత్త రెండూ ఆపి గుంతల్లో కంపోస్టు చేయించు, గ్యాస్ పుట్టేదే తగ్గుతుంది, కప్పడానికి కంపోస్టూ దొరుకుతుంది.

చెనక్కాయచేను:
అక్కా థ్యాంక్స్, మార్కెట్ చెత్త సంగతి సర్పంచ్ మామతో రేపే మాట్లాడతా. ముందు ఒక మూల పది సెంట్లలో వేసి చూద్దామనుకుంటున్నా. తగ్గిందో లేదో ఎట్లా తెలిసేది?

కర్నూలు_కంపోస్టు:
కప్పిన చోట ఒక ప్లాస్టిక్ టబ్బు, కప్పని చోట ఒకటి బోర్లించి అంచుల్లో మట్టి దట్టించు, పైన చిన్న బొక్క పెట్టి అయిదయిదు నిమిషాలకు మీథేన్ మీటరుతో రీడింగ్ తీయి. యాడ తొందరగా పెరిగితే ఆడ ఎక్కువ లీకు. మీటరు కొనొద్దు, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో అడుగు, పిల్లోళ్ళు ప్రాజెక్టు పేరు చెప్పి వాళ్ళే వస్తారు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తీసి ఇక్కడ పెట్టు, ఎండమావికి కూడా చూపిద్దాం.