నవల సగం దాటి వరద దగ్గర ఆగిపోయింది. ఎలా దాటించాలండీ?

రేవుపిల్ల:

అందరికీ నమస్కారమండీ. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి కొట్లో లెక్కలు రాస్తాను. పొద్దున్నే పిల్లలకి క్యారేజీలు కట్టి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది దీపాలు పెట్టాకే. కథలు కొన్ని అచ్చయ్యాయి. నవల మాత్రం ఇదే మొదటిది.

కథ రెండు ముక్కల్లో చెప్తాను. గోదారి మీద కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) నడిపే సరంగు, అతని భార్య సూరమ్మ. ఏటిగట్టుకి అవతల లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీద, పాక, కాస్త కూరగాయల తోట, రెండు గేదెలు. కూతురికి శ్రావణంలో పెళ్ళి కుదిరింది. ఏడాది 1986. ఆ ఆగస్టులో గోదారి ఏం చేసిందో ఇక్కడ చాలామందికి నాకంటే బాగా తెలుసు. నాకప్పుడు ఊహ తెలియదు.

పెళ్ళి మాటలదాకా హాయిగా సాగింది. మధ్యాహ్నం కొట్లో అందరూ భోజనాలకి లేచినప్పుడు గోనెసంచుల మీద కూర్చుని పాత బిల్లుల వెనకాల రాసుకునేదాన్ని. రాత్రి పిల్లలు పడుకున్నాక అదే ఫోన్లో టైపు చేసేదాన్ని. పక్కన కాయలు వలిచే చప్పుడు లేకపోతే ఇప్పుడు నాకు వాక్యం రావట్లేదంటే నమ్మండి. భాద్రపదం వచ్చిందంటే మాత్రం దసరా సరుక్కి ఉత్తరాది లారీలు వరస కడతాయి, పెన్ను పట్టుకునే తీరికుండదు. అది ప్రతి ఏడూ ఉండేదే, దాని గురించి నేను ఏడవను.

ఇబ్బంది వరద దగ్గరొచ్చింది. పాత పేపర్లు చూశాను, పెద్దవాళ్ళని అడిగాను. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు), గండ్లు, పడవల మీద భోజనం పొట్లాలు. అన్నీ అధ్యాయంలో ఉన్నాయి. మా ఆయన చదివి, "అన్నీ ఉన్నాయి గానీ సూరమ్మ ఎక్కడికెళ్ళిపోయిందే?" అన్నారు. నాలుగు రకాలుగా తిరగరాసినా సూరమ్మ రావట్లేదు, నీళ్ళే వస్తున్నాయి.

ఈలోగా మొదటి సగాన్ని ఒక ప్రచురణకర్తకి చూపిస్తే, చదవకుండానే ఎన్ని కాపీలు వేయించుకుంటారు, అడ్వాన్సు ఎంతిస్తారు అని అడిగారు. అదలా ఉంచండి.

వరద వదిలేసి, నీళ్ళు తీశాక ఇంట్లో వరద వదిలిన ఒండుమట్టి ఎత్తిపోసుకునే దగ్గర మళ్ళీ మొదలెట్టనా? లేక ఇక్కడే కూర్చోనా? రాసేవాళ్ళూ చెప్పండి, ఆ వరద చూసినవాళ్ళూ చెప్పండి.

రిటైర్డ్ లస్కరు:

అమ్మా, నేను కాలవల మీద లస్కరుగా, అంటే గట్లూ నీళ్ళూ కాపలా చూసే పనిలో, చేసి రిటైరయ్యాను. నవల రాయడం తెలీదు, చదవడం తెలుసు. వరద సంగతి చెప్తాను, మీకు కావలసింది ఏరుకోండి.

అడుగుల లెక్క మా డిపార్టుమెంటుది. ఇప్పుడైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తున్నారు. లంకలో మనిషికి అప్పట్లో ఉన్న లెక్క పుల్ల. నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతారు. కాసేపాగి వచ్చి చూస్తారు. నీరు పుల్ల దాటి పైకొచ్చిందా, ఇంకా ఎక్కుతోంది. పుల్ల కింద తడినేల కనపడిందా, లాగుతోంది. రాత్రంతా ఆ పుల్లని వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోవడమే. చివరికి గుచ్చడానికి చోటు గుమ్మమే మిగులుతుంది.

గట్టు మీద మా పని వేరు. పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని, నీటి వైపు కాదు, ఊరి వైపు గట్టు పాదం చూసుకుంటూ తిరిగేవాళ్ళం. ఎండ్రకాయలూ ఎలకలూ చేసిన బొరియల్లోంచి ఊట మొదలవుద్ది. ఆ నీళ్ళు దోసిట్లో పట్టి లైటు దగ్గర చూడాలి. తేటగా ఉంటే పరవాలేదు. మడ్డిగా ఉందంటే గట్టు లోపలి మట్టి కదిలి వచ్చేస్తున్నట్టు, అది బుంగ. దాని నోరు మూసేస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. చుట్టూ ఇసక బస్తాలు బావి వరలాగా పేర్చి, నీటిని లోపలే కొంత ఎత్తు నిలబెట్టాలి, అప్పుడు జోరు తగ్గుతుంది. ఊళ్ళో మగాళ్ళంతా బస్తాలు మోసినవాళ్ళే. కులం గిలం ఆ రాత్రికి ఎవడూ అడగలేదు, తెల్లారాక మళ్ళీ మామూలే అనుకోండి.

ఇంకోటి. పాత పంచాంగం తీసి చూడండి. 1986 ఆగస్టు 15 శుక్రవారం. అటు పంద్రాగస్టు జెండా, ఇటు వరలక్ష్మీ వ్రతం. భద్రాచలంలో నీరు బాగా పెరిగింది ఆ మర్నాడు. అక్కడి నీరు మన దాకా దిగడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. 19న పున్నమి. పున్నమి ముందూ వెనకా సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి కింది లంకల్లో నీరు త్వరగా దిగదు. మీరు పెళ్ళి శ్రావణంలో పెట్టానన్నారు, అందుకే చెప్తున్నాను.

పాత టైపుమిషను:

మీ కష్టం వరద కాదండీ. ఆ అధ్యాయం ఎవరి కళ్ళతో చూస్తున్నారో మీరింకా తేల్చుకోలేదు. నావి నాలుగు నవలలు వచ్చాయి, రెండు అమ్ముడుపోయాయి, కాబట్టి సగం నమ్మండి చాలు.

లంకలో ఉన్న సూరమ్మకి క్యూసెక్కంటే తెలుసా? భద్రాచలంలో ఎన్ని అడుగులో ఆమెకి ఎవరు చెప్పారు? ఆమెకి తెలియనిది ఆ రాత్రి పుస్తకంలో ఉండకూడదు. పై లస్కరు గారు చెప్పిన పుల్ల ఒక్కటి చాలు, మీ 35 లక్షలు కొట్టెయ్యండి. ఒక పాక, ఒక రాత్రి. తెల్లారేసరికి అధ్యాయం అయిపోవాలి.

వదిలేసి ముందుకెళ్ళమని చాలామంది చెప్తారు. నేను చెప్పను. ఒండు ఎత్తిపోసే దృశ్యం బాగుంటుంది, నిజమే, కానీ ఆ మనిషి రాత్రి ఏం చూసిందో మీకు తెలియకుండా పొద్దున్న ఆమె చేత చీపురు పట్టించలేరు. పట్టిస్తే అది పత్రికల్లో వచ్చే వరద ఫోటోలా ఉంటుంది.

ఇక అచ్చు సంగతి మీరు అదలా ఉంచమన్నా నేను ఉంచను. రాతప్రతి పూర్తవకుండా ఎవరికీ పైసా ఇవ్వకండి. ఫోన్లో టైపు చేస్తున్నారంటే యూనికోడ్‌లో ఉంటుంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పొల్లులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి. నా రెండో నవల్లో ఒక పేజీ నిండా హీరోయిన్ పేరులో వత్తు లేదు, ఎవరూ ఉత్తరం కూడా రాయలేదు, అంటే ఎవరూ చదవలేదన్నమాట. ప్రూఫు మీరే దిద్దుకోండి, కాగితం మీద దిద్దుకోండి, తెర మీద కాదు. మొదటి విడత మూడొందల కాపీలకి మించి వేయించకండి. మిగిలినవి మంచం కింద పెట్టుకుంటే మన వాతావరణానికి చెదలు మీకంటే ముందే చదివేస్తాయి.

నైట్ డ్యూటీ:

అక్కా, మాది అమలాపురం దగ్గర, హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్నాను. నేను ప్రతిలిపి యాప్‌లో సీరియల్‌గా రాసి పూర్తిచేశాను. పై ఆయన ఒప్పుకోకపోవచ్చు గానీ, రేపు భాగం ఎప్పుడు అని పదిమంది అడుగుతుంటే తెల్లవారుజామున వార్డు సద్దుమణిగాక నిద్రొస్తున్నా రాసేస్తాం. ఎవరూ అడక్కపోతే నేను ఇప్పటికీ మూడో భాగం దగ్గరే ఉండేదాన్ని.

ఒక్క ఇబ్బంది ఉంది. చదివేవాళ్ళు కథలో వేలు పెడతారు. నా కథలో ఒక ముసలాయన్ని చంపుదామనుకున్నాను. కామెంట్లలో అందరూ బతిమాలారు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, ఆయనతో ఏం చేయాలో నాకు తెలీట్లేదు. నీ గేదెల్ని మాత్రం జాగ్రత్త, వాటికేమైనా అయితే జనం ఊరుకోరు.

రేవుపిల్ల:

అందరికీ థాంక్సండీ. లస్కరు గారూ, మీరు చెప్పింది చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు, మంచి అర్థంలోనే.

టైపుమిషను గారితో ఒక చోట పేచీ ఉంది. సూరమ్మకి క్యూసెక్కులు తెలియవు, ఒప్పుకుంటాను. సరంగుకి తెలియాలి కదా? రేవులో పంటు ఆపమని చెప్పేది అతనికే. రేవు దగ్గర కిళ్ళీకొట్లో రేడియో ఉంటుంది, ప్రాంతీయ వార్తలు వింటాడు. రోజూ గెడ వేసి లోతు చూసే మనిషి, ఆ అంకె వినగానే తన గెడతో కొలుచుకుంటాడు. కాబట్టి అంకెలన్నీ కొట్టెయ్యను. ఒక్కటి ఉంచుతాను. అది అతని నోట వస్తుంది, ఆవిడ వినిపించుకోదు. ఆ రాత్రి అతను రేవులోనే చిక్కుకుపోతాడు, లంకలో తల్లీకూతుళ్ళే ఉంటారు.

వరలక్ష్మీ వ్రతం మాట వినగానే మొదట ఎగిరి గంతేశాను. తరవాత ఆలోచిస్తే, సూరమ్మ ఇంట్లో వ్రతం ఉండదండీ. లంకలో ఆ పాకలో కలశం పెట్టే అలవాటు లేదు. కానీ గట్టుకి ఇవతల ఆసామి ఇంట్లో ఉంటుంది. సూరమ్మ ఆ శుక్రవారం అక్కడ పనికెళ్తుంది, రుబ్బురోలు దగ్గర బూరెలకి పప్పు రుబ్బుతుంది, సాయంత్రం పెరటి గుమ్మం దగ్గర వాయనం శనగలు కొంగులో పోయించుకుని లంకకి తిరిగొస్తుంది. ఆ నానిన శనగలే తరవాత గట్టు మీద తల్లీకూతుళ్ళకి తిండి. ఇది నిన్న బస్సులో తట్టింది, ముక్కామల దగ్గర.

ఇవాళ మధ్యాహ్నం రాసిన ముక్క పెడుతున్నాను, మొహమాటపడకుండా చెప్పండి:

"పిల్ల మూడోసారి లేచి వెళ్ళింది. దీపం బుడ్డి నేల మీద పెట్టి వంగి చూసింది. పుల్ల లేదు. 'అమ్మా, పుల్ల కొట్టుకుపోయింది' అంది. సూరమ్మ చూరులోంచి ఇంకో ఈనె లాగి ఇచ్చింది. 'ఈసారి గుమ్మం దగ్గర గుచ్చు.' పిల్ల గుచ్చబోయి ఆగింది. గుమ్మం ముందు నిన్న పెళ్ళి కోసం అలికిన నేల. 'గుచ్చవే, మళ్ళీ అలుక్కోవచ్చు' అంది సూరమ్మ. అటక మీద చింతపండు జాడీ, బియ్యం డబ్బా, పెళ్ళి చీర. కింద చేటలో శనగలు."

పాత టైపుమిషను:

ఇది ఉంచండి. "చింతపండు జాడీ, బియ్యం డబ్బా, పెళ్ళి చీర" వరసలో చీర మొదట రావాలేమో చూడండి, ఆడమనిషి ముందు ఏది పైకెక్కిస్తుందో నాకు తెలీదు. రేడియో అంకె విషయంలో నేను ఇప్పటికీ ఒప్పుకోను. పుస్తకం మీది.

నైట్ డ్యూటీ:

బియ్యమే ముందు. ఏ ఆడమనిషినైనా అడగండి.

రిటైర్డ్ లస్కరు:

బాగుందమ్మా. రెండు మాటలు. ఈనె నిలవదు, ఏటి నీటికి ఇట్టే వంగిపోద్ది. సరుగుడు పుల్లో, కందికంపో పెట్టండి. పాకలో అవి ఎలాగూ పొయ్యి దగ్గర ఉంటాయి. రెండోది, ఎర్రనీరు వచ్చేటప్పుడు చప్పుడు ముందు రాదు, వాసన వస్తుంది, పచ్చి ఒండు వాసన. కుక్కలు అది పసిగట్టి చీకటి పడకముందే గట్టెక్కేస్తాయి. లంకలో కుక్క అరుపు లేదంటే పెద్దవాళ్ళు అప్పుడే మూటలు కట్టేవారు.

గేదెల సంగతి మీరు ఎక్కడా ఎత్తలేదు. ఉన్నాయని మొదట్లో రాశారు కదా. ఆ రాత్రి వాటి పలుపులు ఎవరు విప్పారు, తల్లా పిల్లా? విప్పి వదిలేస్తే అవి ఈదుకుంటూ గట్టు చేరతాయి, కట్టి ఉంటే పోతాయి. ఆ విప్పడానికి ఎప్పుడు మనసొప్పిందో రాయండి. విప్పారంటే ఇక పాక మీద ఆశ వదులుకున్నట్టే కదా. అది లేకుండా అధ్యాయం దాటిస్తే లంకవాళ్ళు మాత్రం మిమ్మల్ని అడుగుతారు.

రేవుపిల్ల:

పిల్లే విప్పుతుందండీ. తల్లి వద్దంటుండగా. రేపు లోడింగు ఉంది, ఎల్లుండి రాస్తాను.