అతిరథుడు పెద్దా, మహారథుడు పెద్దా?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళుతుండగా మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఒళ్లో నోటు పుస్తకం, దాని చివరి పేజీ నిండా పేర్లు: గోకు, వెజీటా, ఫ్రీజా, పికొలో, గోహన్, క్రిలిన్. జపాన్‌లో 1984 నుంచి 1995 వరకు ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చిన డ్రాగన్ బాల్ బొమ్మల కథలోని యోధులు వీళ్లు. ఎవరు ఎవరికన్నా బలవంతులో వరుస కడుతున్నాడు. పేర్ల పక్కన బాణం గుర్తులు, కొట్టివేతలు. గోహన్ పేరు మూడు చోట్ల రాసి మూడు చోట్లా కొట్టేశాడు.

“మావయ్యా, వీళ్లను తెలుగులో తరగతులుగా విడగొట్టాలి. అతిరథులు, మహారథులు అని పెడదామనుకున్నాను. ఇద్దరిలో పైన ఎవరుండాలి?”

“మహారథులే” అన్నాను వెంటనే. పంటు వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డుకు చేరేలోపే ఆ జవాబు మీద నాకే అనుమానం పుట్టింది. రాత్రి భారతం తీసి చూస్తే నేను చెప్పింది తప్పని తేలింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ తప్పు నా ఒక్కడిదే అయితే ఇంత రాయనక్కరలేదు, చాలామందిమి ఇలాగే అనుకుంటున్నాం.

ఎందుకు అనుకుంటున్నామంటే, “అతిరథ మహారథులు” అనే జంట పదం చెవికి మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తుంది. మొదటివాడు గొప్ప, రెండోవాడు ఇంకా గొప్ప అనిపిస్తుంది. దీనికి తోడు ఫోనుల్లో తిరిగే జాబితా ఒకటి ఉంది, మీరూ చూసే ఉంటారు. రథి 5,000 మందితో పోరాడగలడు, అతిరథి 60,000 మందితో, మహారథి 7,20,000 మందితో, అతిమహారథి 86,40,000 మందితో, ఆ పైన మహామహారథి. అతిమహారథి దాకా ఒక్కో మెట్టుకూ పన్నెండు రెట్లు వేసుకుంటూ పోయారు.

నేను అంబాజీపేటలో కొబ్బరి లెక్కలు రాసేవాణ్ణి. అంకె కనబడితే కూడి చూడకుండా ఉండలేను. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు. అన్నీ కలిపితే 2,18,700. కురుక్షేత్రానికి రెండు పక్షాలూ తెచ్చినవి పద్దెనిమిది అక్షౌహిణులు, అంటే 39,36,600. సారథులనూ మావటివాళ్లనూ వేరుగా కలుపుకున్నా యాభై లక్షలు నిండవు. ఇక 86,40,000 మందితో పోరాడే అతిమహారథికి శత్రువులను ఎక్కడినుంచి తేవాలి? తన పక్షాన్నీ ఎదుటి పక్షాన్నీ కలిపి చంపినా ఆ లెక్క సగానికి కొంచెం పైన ఆగిపోతుంది. భారతం తెలిసినవాళ్లు వేసిన లెక్క కాదిది.

గీతా వ్యాఖ్యానాల్లో కనబడే పాత శ్లోకం ఇలా ఉంది:

ఏకో దశసహస్రాణి యోధయేద్యస్తు ధన్వినామ్
శస్త్రశాస్త్రప్రవీణశ్చ మహారథ ఇతి స్మృతః
అమితాన్ యోధయేద్యస్తు సంప్రోక్తోఽతిరథస్తు సః

ఒంటరిగా పదివేల మంది విలుకాళ్లతో పోరాడగలిగి, శస్త్రంలోనూ శాస్త్రంలోనూ నేర్పరి అయినవాడు మహారథుడు. లెక్కకు అందనంత మందితో పోరాడగలవాడు అతిరథుడు. ఒకడితో ఒకడుగా నిలిచి పోరాడేవాడు రథుడు. అంతకన్నా తక్కువైనవాడు అర్ధరథుడు. కింది నుంచి చెబితే అర్ధరథుడు, రథుడు, మహారథుడు, అతిరథుడు. “అమితాన్” అన్నచోట అంకె ఆగిపోవడం గమనించండి. పదివేల దాకా లెక్క పెట్టాడు, ఆ తరువాత లెక్క మానేశాడు. “అతి” అంటే దాటిపోవడం కదా. అతిరథుడు రథుల కొలతనే దాటినవాడు.

మరి అతిరథుడు పెద్దవాడైతే జంటలో ముందెందుకు వచ్చాడు? నాకు ఎక్కువ సంతోషం కలిగించినది ఇక్కడే దొరికింది. ద్వంద్వ సమాసంలో ఏ పదం ముందుండాలో పాణిని చెప్పాడు. ఆయన వ్యాకరణం అష్టాధ్యాయిలో రెండో అధ్యాయం రెండో పాదంలో 33వ సూత్రం “అజాద్యదంతమ్”. అచ్చుతో మొదలై హ్రస్వ అకారంతో ముగిసే పదం ముందు రావాలి. ఈశకృష్ణులు అన్నప్పుడు ఈశుడు ముందున్నది ఈ సూత్రం వల్లనే. “అతిరథ” అచ్చుతో మొదలవుతుంది, అకారంతో ముగుస్తుంది. “మహారథ” హల్లుతో మొదలవుతుంది. ఆ రెండూ కలిస్తే అతిరథకే ముందు చోటు. కాబట్టి ఆ జంటలోని వరుస మెట్ల వరుస కాదు, సమాసం కట్టిన వరుస. పూజ్యమైన పదం ముందుండాలనే వార్తికం, అంటే సూత్రానికి చేర్చిన వివరణ, కూడా ఉంది. దాని ప్రకారం చూసినా అతిరథుడే ముందుంటాడు.

తెలుగులోకి వచ్చాక ఇంకో చిక్కు కలిసింది. మనం ఏకవచనంలో “మహారథి” అంటాం. రథి అంటే రథం గలవాడు. మహారథుడు అంటే గొప్ప రథం గలవాడు, ఇది బహువ్రీహి. బహువచనం వేస్తే రెండూ “మహారథులు” అవుతాయి, కవి కవులైనట్టు, రాముడు రాములైనట్టు. బహువచనంలో రెండూ ఒకటై కూర్చున్నాయి గనుక, ఏకవచనానికి వచ్చేసరికి నోటికి దగ్గరైన “రథి” పట్టుకున్నాం. “మహారథి” తప్పని నేను అనను, అది వాడుకలో స్థిరపడిన మాట.

మేనల్లుడి జాబితాకు అసలు పనికొచ్చేది ఉద్యోగపర్వం. యుద్ధానికి ముందు దుర్యోధనుడు భీష్ముణ్ణి అడుగుతాడు, ఇరుపక్షాల్లో రథులెవరు, అతిరథులెవరు చెప్పమని. భీష్ముడు పేరుపేరునా చెబుతాడు. కృతవర్మ అతిరథుడు, శల్యుడు అతిరథుడు. జయద్రథుడు ఇద్దరు రథుల పెట్టు. భీముడు ఎనిమిది మంది రథుల పెట్టు. ద్రోణుడు, కృపుడు, సాత్యకి, అభిమన్యుడు రథయూథపయూథపులు, అంటే రథాల గుంపులను నడిపే నాయకులకు నాయకులు. ఈ మాట మన వాడుకలోకి రాలేదు, నాకు అదొక వెలితిగానే ఉంటుంది. అర్జునుడి దగ్గరకు వచ్చేసరికి, ఇతణ్ణి ఎదిరించి నిలిచేవాణ్ణి నేనూ ఆచార్యుడూ తప్ప మూడోవాడు లేడంటాడు. తన గుణాలు తాను చెప్పుకోకూడదని తనను మాత్రం ఏ తరగతిలోనూ వేసుకోడు.

అశ్వత్థామ విషయం చూడండి. అతడి విలువిద్యను నోరారా మెచ్చుకుంటాడు. రెండు సేనల్లో సాటి లేదంటాడు. కాని ఇతడికి ప్రాణం మీద తీపి మిక్కిలి ఎక్కువ, అందుకే ఇతణ్ణి రథుడనీ అనను, అతిరథుడనీ అనను అంటాడు. బలం చూసి, ఆ బలంతో దిగేవాడి మనసు కూడా చూసి చెప్పిన మాట అది.

ఇక కర్ణుడు. సహజకవచం పోయింది, కుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది, బ్రాహ్మణుడి శాపం ఉంది అని వరుసగా చెప్పి, వాటి మధ్య ఒక్క మాట వేస్తాడు: “సతతం ఘృణీ”. ఎప్పుడూ జాలిపడేవాడు అని. ఇన్ని కారణాల వల్ల నా లెక్కలో ఇతడు అర్ధరథుడు అంటాడు. దయను లోపంగా లెక్కకట్టిన ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ద్రోణుడు భీష్ముడి మాటే నిజమంటాడు. కర్ణుడు మండిపడి, భీష్ముడు బతికుండగా తాను యుద్ధం చేయనంటాడు. అలా పది రోజులు కౌరవసేన కర్ణుడు లేకుండా పోరాడింది. ఒక జాబితాలో ఒక్క మాటకు పడిన ఖరీదు అది.

ఆ మాట ఎంత గుచ్చుకుందో వినబడాలంటే కర్ణుణ్ణి పెంచిన తండ్రి పేరు గుర్తు చేసుకోవాలి. అధిరథుడు. అధిరథుడి కొడుకును పట్టుకుని నిండుసభలో అర్ధరథుడన్నారు. అధిరథ, అతిరథ, అర్ధరథ, మూడూ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. ఇవి కలగాపులగం కావడం ఈ రోజుల్లో చాలాచోట్ల చూస్తున్నాను. “అధిరథ మహారథులు” అని కరపత్రాల్లో అచ్చవుతోంది. సూతుడైన అధిరథుడికి అక్కడ పని లేదు. అది “అతిరథ”, అక్కడ ఉండాల్సింది ధకారం కాదు, తకారం.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడు వెంటనే ఫ్రీజా లెక్క ఎత్తాడు. ఆ కథలో కంటికి తగిలించుకునే ఒక పరికరం ఉంది, స్కౌటర్ అంటారు. ఎదుటివాడి బలం అంకెగా చూపిస్తుంది. భూమ్మీద తుపాకి పట్టుకున్న రైతుకు 5 చూపించింది. ఫ్రీజా తన బలం 5,30,000 అని తానే చెప్పుకుంటాడు. గోకు మొదట 334 చూపించాడు, ఒంటి మీది బరువుల బట్టలు విప్పేసరికి 416 అయింది. అంటే ఆ అంకె మనిషిది కాదు, ఆ క్షణానిది. ఫ్రీజా కథ దాటాక అంకెలు దాదాపు కనుమరుగవుతాయని వాడే చెప్పాడు. “అమితాన్” అన్నచోట శ్లోకం చేసిన పనే ఆ బొమ్మల కథా చేసిందన్నమాట.

మా కొబ్బరి బజారులో కురిడీని, అంటే ఎండు కొబ్బరిని, గండేరా అనీ గటగట అనీ వేరు చేస్తాం. ఆ రెండు పేర్లలో చిన్నా పెద్దా అనే మాటే లేదు. అయినా వెయ్యి కాయల ధర దేనిది ఎంతో పేరు వినగానే పాతిక ఊళ్ల వాళ్లకు తెలుస్తుంది. తరగతికి పెట్టే పేరు అలా ఉండాలి. “మొదటి స్థాయి, రెండో స్థాయి” అని పెడితే వరుస తెలుస్తుంది గాని మనిషి తెలియడు. అర్ధరథి అన్నప్పుడు ఒక మనిషి ముఖం ఎర్రబడటం కనబడుతుంది.

పై రాతకు వచ్చిన ప్రశ్నలు కొన్ని.

ఒక పెద్దాయన గీత మొదటి అధ్యాయం గుర్తుచేశారు. దుర్యోధనుడు పాండవ పక్షంలోని వీరులను చెబుతూ “సర్వ ఏవ మహారథాః” అంటాడు కదా, అందరూ మహారథులే అయితే ఈ మెట్లకు అర్థమేమిటని. మంచి ప్రశ్నండి. అక్కడ అతడు తరగతులు కట్టడం లేదు, ఎదుటి సేన ఎంత గట్టిదో ఆచార్యుడికి చెప్పి ఉసిగొల్పుతున్నాడు. “మహారథ” అనేది మహావీరుడనే మామూలు పొగడ్తగా అప్పటికే వదులుగా వాడుకలో ఉందని మాత్రం ఒప్పుకోవాలి. అశ్వత్థామనే భీష్ముడు ఒకచోట మహారథుడంటూ, ఆ వెంటనే రథుడూ అతిరథుడూ కాడంటాడు. పారిభాషికంగా ఒకటి, పొగడ్తగా ఒకటి, రెండూ పక్కపక్కనే నడిచాయి.

భీమవరం వైపు సోదరి ఒకరు పందెం పుంజుల సంగతి రాశారు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగును బట్టి పేర్లు, ఏ రోజు ఏ రంగుకు గెలుపో కుక్కుట శాస్త్రం చెబుతుంది, అక్కడ ఎప్పటికీ పైనుండేది ఏదీ లేదని. పందేల మీద నాకు ఇష్టం లేదు గాని, మాట నిజమే.

అచ్చతెనుగు పేర్లు పెట్టకూడదా అని ఇంకొకరు అడిగారు. మేటి, దిట్ట, జెట్టి, బంటు ఉన్నాయి. జెట్టి మల్లయుద్ధం చేసేవాడు, క్రిలిన్‌కు చక్కగా సరిపోతుంది. కోనసీమలో వేదం చదువుకున్నవాళ్లలో క్రమపాఠి, ఘనపాఠి అని నిజంగా చదువును బట్టి వచ్చే మెట్లున్నాయి. ఆ “ఘనపాఠి”నే ఇప్పుడు ఏ విద్యలో ఆరితేరినవాడికైనా ఘనాపాటి అని వాడుతున్నాం. కాని ఆ మాట పోరాటానికి అతకదు.

మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు అంతర్వేదిలో రథం లాగుతారు. 2020లో పాత రథం కాలిపోయాక, 2021లో కొత్త రథం వచ్చింది. వచ్చే ఏకాదశికి మేనల్లుణ్ణి తీసుకువెళతాను. ఆ మోకు పట్టుకుంటే రథమంటే ఎంత బరువో వాడి చేతులకు తెలుస్తుంది.

నిన్న వాడి నోటు పుస్తకం మళ్లీ చూశాను. అతిరథులు పైకి వెళ్లారు, మహారథులు కిందికి దిగారు. అర్ధరథి అనే శీర్షిక రాసి, దాని కింద ఎవరి పేరూ రాయకుండా వదిలేశాడు. ఎవరిని పెట్టినా బాధగా ఉందన్నాడు. గోహన్‌కు మాత్రం వేరే పేజీ. ఆ కథలో సెల్ అనే అంతటి శత్రువును ఓడించినా గోహన్‌కు పోరాటం మీద మనసు లేదు, చదువు మీద ఉంది. అశ్వత్థామకు పెట్టినట్టే ఇతణ్ణీ విడిగా పెట్టాడు, కారణం వేరైనా.

నాకు ఒక్కటి తెలియాలి. “మహారథి” అని ఏకవచనంలో రోజూ వింటున్నాం. “అతిరథి” లేదా “అతిరథుడు” అని ఒక్కడి గురించి ఎవరైనా మామూలు మాటల్లో అనగా మీ ఊళ్లో విన్నారా? విని ఉంటే ఏ ఊరో, ఎవరి గురించి అన్నారో రాయండి.