దానిమ్మ కొమ్మలు చిగురేసి ఎండిపోతాండాయి, ఏం చేయాల?

తాడిపత్రి రైతు: అన్నా, 20 దానిమ్మ కొమ్మలు నాటినా, చిగురొచ్చిన 10 రోజులకే అన్నీ ఎండిపోయినాయి, రోజూ నీళ్ళు పోస్తానే ఉండా. చీనీ (బత్తాయి) కూడా కొమ్మతో పెట్టొచ్చా?

పులివెందుల తోట: చిగురొస్తే వేరొచ్చినట్టు కాదు బ్రో, కొమ్మలో ఉన్న బలంతోనే చిగురేస్తాది. పెన్సిల్ లావు ముదురు కొమ్మ జానెడు తీసుకో, కింద కణుపు దగ్గర కోసి ఐబీఏ పొడి (వేర్లు తెప్పించే మందు) అద్ది, ఇసుక కలిపిన మట్టిలో నీడన పెట్టు. రోజూ పోస్తే కుళ్ళిపోతాది, తేమ ఉంటే చాలు.

అంట్ల పిచ్చోడు: చీనీకి కొమ్మ వద్దు సామీ, రంగపూర్ నిమ్మ మొక్క మీద చీనీ కన్ను (మొగ్గ) అంటు కట్టాల. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడ్చొద్దు, బంక తెగులు పట్టుకుంటాది, నేను అట్లే 6 చెట్లు పోగొట్టుకున్నా.

తాడిపత్రి రైతు: ఐబీఏ ఏడ దొరుకుతాది?

పులివెందుల తోట: ఎరువుల అంగట్లో వేర్ల పొడి అని అడుగు, ఇస్తారు.