ఫిబ్రవరి 12, ‘లాస్ట్ పెన్నీ డే’: సీసాడు పెన్నీలున్నాయి, పిల్లలతో ఏం చేయించమంటారు?

వెన్నెల_ఒహాయో:

అందరికీ నమస్తే. వచ్చే గురువారం ఫిబ్రవరి 12, లింకన్ పుట్టినరోజు. అదే రోజును ఇక్కడ అమెరికాలో సరదాగా ‘లాస్ట్ పెన్నీ డే’, అంటే పోయిన పెన్నీల (ఒక సెంటు నాణేల) రోజు అని కూడా జరుపుకుంటారట. మా పాప రెండో తరగతి టీచరు చెప్తే తెలిసింది. సోఫా సందుల్లో, కారు సీట్ల కింద, పాత కోటు జేబుల్లో మరిచిపోయిన పెన్నీలన్నీ ఏరి, ఏదైనా మంచి పనికి ఇవ్వడమే పండగ. పెన్నీ మీద ఉన్నది లింకనే కాబట్టి ఆ తేదీ.

మా ఇంట్లో పాత ఆవకాయ సీసా నిండా పెన్నీలే. మావారేమో “కొత్త పెన్నీలు కొట్టడం ఆపేశారు, రేపో మాపో చెల్లవంటారు, బ్యాంకులో వేసేద్దాం” అంటున్నారు. పాప ఒక్కటీ ఇవ్వనని సీసా పట్టుకు కూర్చుంది. ఆపేశాక వస్తున్న మొదటి ఫిబ్రవరి 12 ఇది. ఊరికే తీసుకెళ్ళి కౌంటర్లో పోసి రావడానికి నాకు మనసు రావడం లేదు. ఆదివారం తెలుగు బడిలో చిన్న తరగతి నాదే. ఆ పిల్లలతో ఏం చేయిస్తే బాగుంటుంది?

నాణేల_మావయ్య_డాలస్:

అమ్మా వెన్నెలా, ముందు మీవారిని నిశ్చింతగా ఉండమనండి. పెన్నీలు చెల్లుతాయి. 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో ఆగింది వాడకానికి కొత్తవి కొట్టడం మాత్రమే. 1793లో మొదలైన సెంటు నాణెం, 232 ఏళ్ళు నడిచింది. ఒక్క సెంటు చెయ్యడానికి 2024 ఆర్థిక సంవత్సరంలో 3.69 సెంట్లు ఖర్చయింది, అందుకని ఆపేశారు. జనం దగ్గర ఇంకా సుమారు 30,000 కోట్ల పెన్నీలున్నాయని అంచనా. వాటిలో ఎన్ని మీ సీసా లాంటి సీసాల్లో ఉన్నాయో!

పిల్లల చేత లెక్కపెట్టించే ముందు పెన్నీని చదివించండి. తలో భూతద్దం ఇచ్చి రెండువైపులా చూడమనండి. ముందువైపు లింకన్ బొమ్మ 1909లో, ఆయన పుట్టి వందేళ్ళయిన సందర్భంగా వచ్చింది. బొమ్మ చెక్కిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పొడి అక్షరాలు 1918 నుంచి లింకన్ భుజం అంచున, ఆవగింజంత ఉంటాయి. వెనకవైపు 1958 దాకా రెండు గోధుమ వెన్నులు. 1959 నుంచి 2008 దాకా లింకన్ స్మారక మందిరం. దాని నడిమి స్తంభాల మధ్య చూస్తే బుల్లి లింకన్ కుర్చీలో కూర్చుని ఉంటాడు, అంటే ఒకే నాణేనికి రెండువైపులా ఆయనే! ఇది కనిపెట్టిన పిల్లల కేక వినాలమ్మా. 2009లో ఆయన జీవితంలోని నాలుగు ఘట్టాలు, 2010 నుంచి డాలు.

ఏడాది అంకె కింద ‘డి’ ఉంటే డెన్వర్ టంకశాలది, ‘ఎస్’ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కోది. ఫిలడెల్ఫియా పెన్నీలకు అక్షరం ఉండదు, ఒక్క 2017లో తప్ప. టంకశాలకు 225 ఏళ్ళు నిండాయని ఆ ఏడు మాత్రం ‘పి’ వేశారు.

తర్వాత చెవులకు పని చెప్పండి. 1982కి ముందువి 95 శాతం రాగి, 3.11 గ్రాములు. తర్వాతవి పైన రాగి పూత, లోపలంతా జింకు, 2.5 గ్రాములే. బల్ల మీద జారవిడిస్తే రాగిది ఖంగుమంటుంది, జింకుది టక్కుమని ఊరుకుంటుంది. 1982లో రెండు రకాలూ వచ్చాయి, వాటిని తూచాల్సిందే. యుద్ధానికి రాగి కావలసి వచ్చి 1943లో ఉక్కుతో కొట్టారు, అయస్కాంతం పెడితే అంటుకుంటాయి. రాగి ఉంది కదా అని కరిగించడం మాత్రం 2006 డిసెంబర్ నుంచి నేరం.

నేను పొద్దున నడకలో కనబడ్డ ప్రతి పెన్నీ తీస్తాను. కాలికి తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు మనది, దాటి పోలేను.

పిల్లల_వార్డు_నర్సు:

ఒక్క మాట. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇళ్ళలో సీసా పైన పెట్టండి. జింకు పెన్నీ మింగితే కడుపులోని ఆమ్లానికి జింకు కరిగి పుండు పడే ప్రమాదం ఉంది. “రేపు పొద్దున దొడ్డికి వచ్చేస్తుందిలే” అని కూర్చోకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. కుక్కలకు ఇంకా ప్రమాదం, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

వెన్నెల_ఒహాయో:

చాలా థాంక్సండీ, సీసా ఇప్పుడే అటక మీద పెట్టాను. మావయ్యగారూ, నల్లబడ్డవాటిని చింతపండు పెట్టి తోమించనా? మా అమ్మ రాగి చెంబులు అలాగే తోమేది.

నాణేల_మావయ్య_డాలస్:

గోధుమ వెన్నులవీ, 1943వీ పక్కన పెట్టి, మిగతావి హాయిగా తోమించండి. చింతపులుపూ ఉప్పూ కలిస్తే పైనున్న నల్లటి పొర కరిగిపోతుంది, నిమిషాల్లో తళతళలాడతాయి. పాతవాటికి మాత్రం ఆ నలుపే అందం. తోమిన పాత నాణేన్ని సేకరించేవాళ్ళు తక్కువ ధరకి అడుగుతారు.

గల్లగురిగి_కరీంనగర్:

అక్కా, గిది చదువుతుంటే మా నాయనమ్మ గల్లగురిగి యాదికొచ్చింది. దాన్ల అన్నీ అల్యూమినియం ఐదు పైసలు, పది పైసలు. అరచేతిల పెట్టుకుంటే బరువే తెల్వకపోయేది. 2011 జూన్ 30 నుంచి పావలా, దానికంటె చిన్నయి చెల్లవన్నరు. అంతలోపల బ్యాంకుల మార్చుకోమన్నరు. నాయనమ్మ ఒక్కటి ఇయ్యలే. తామరపువ్వు బొమ్మున్న పసుపుపచ్చ ఇరవై పైసల బిళ్ళలు ఇప్పటికీ మా దేవునర్రల లక్ష్మీదేవి ముంగట ఉంటయి. మీ పాప ఇయ్యనంటే బలవంతం చెయ్యకుండ్రి. కొన్ని ఉంచుకోనియ్యుండ్రి.

టొరంటో_తెలుగు:

మాకు 2013 ఫిబ్రవరి 4 నుంచి పెన్నీలు పంచడం మానేశారు. నగదుకి మాత్రమే ఐదు సెంట్లకు సర్దుతారు. డాలరు రెండు సెంట్లయితే డాలరే, డాలరు మూడయితే డాలరు ఐదు. కార్డుకి పాత లెక్కే. పిల్లల చేత కిరాణా కొట్టు ఆట ఆడిస్తే ఈ లెక్క ఇట్టే వచ్చేస్తుంది.

వెన్నెల_ఒహాయో:

అందరి మాటా కలిపి ఇలా అనుకున్నాం. ఆదివారం పిల్లలు తమ పుట్టిన ఏడాది పెన్నీ వెతుక్కుని ఇంటికి తీసుకెళ్తారు. గోధుమ వెన్నులవి పాపవి, అందులో రాజీ లేదట. మిగిలినవి యాభై చొప్పున కాగితం చుట్టల్లో కట్టి, గురువారం మా ఊరి ఫుడ్ బ్యాంకుకి ఇస్తాం. చుట్టలు కట్టే పని మావారిది, ఒప్పుకున్నారు కూడా.

మావయ్యగారూ, సీసా అంతా గాలించినా 2017 ‘పి’ దొరకలేదు. మీ దగ్గర రెండుంటే ఒకటి మా బడికి పంపగలరా? తపాలా ఖర్చు నేనిస్తాను.

నాణేల_మావయ్య_డాలస్:

ఖర్చేమీ వద్దమ్మా. అడ్రసు ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజి పెట్టండి, రేపే పోస్టు చేస్తాను.