486 బోర్డు: బ్యాటరీ కారింది, ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నది

మిర్యాలగూడ486:
పాత కంప్యూటర్: 486 డీఎక్స్2-66 ప్రాసెసర్, ఏటీ (పాత రకం) క్యాబినెట్, 30 పిన్ సిమ్‌లు (మెమరీ పట్టీలు) ఎనిమిది (మొత్తం 8 ఎంబీ), ఐఎస్‌ఏ స్లాట్‌లో పెట్టే వీజీఏ (మానిటర్) కార్డు. స్విచ్ వేస్తే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగుతున్నది. బీప్ లేదు. కీబోర్డు సాకెట్ పక్కన 3.6 వోల్టుల నీలం పీపా బ్యాటరీ కారి, నాలుగు వేళ్ల మేర పచ్చగా పెచ్చు కట్టింది. కారుడు వల్లనే బోర్డు పోయిందా? నీళ్లతో కడగొచ్చా? బ్యాటరీ తీసి సీఆర్2032 (బిళ్ల సెల్లు) అతికిస్తే సరిపోతదా?

పీ8పీ9:
పచ్చను చూసి మోసపోకుండ్రి. బ్యాటరీ కారితే ట్రాకులు (బోర్డు మీది రాగి గీతలు) తెగుతయి. ట్రాక్ తెగితే ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, బోర్డు మాత్రం మూగపోతది. ఫ్యాన్ తిరిగి ఆగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటున్నది. రెండూ వేరే జబ్బులు, రెండూ చేయాలె.

ముందు ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా చూడండ్రి. లోడ్ లేకుంటే పాత ఏటీవి సరిగా నిలబడవు. ఆటోమొబైల్ షాపులో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు కొని 5 వోల్టుల లైనుకు (ఎరుపు, నలుపు) పెడితే సుమారు ఒక ఆంపియర్ లాగుతది. 5 వోల్టులది 4.75 నుంచి 5.25, 12 వోల్టులది 11.4 నుంచి 12.6 లోపల ఉండాలె. వెనుక 115/230 స్లైడు 230 మీదనే ఉందా చూసుకోండ్రి. ఇంకొకటి: ఏటీ క్యాబినెట్‌లో ముందరి స్విచ్‌కు వచ్చేది నేరుగా 230 వోల్టుల మెయిన్స్. ఆ నాలుగు వైర్ల మీద తొడుగు లేకుంటే ముట్టొద్దు.

అది మంచిగుంటే కార్డులన్నీ తీసి, కరెంటు లేకుండా బోర్డు పవర్ కనెక్టర్ దగ్గర ఓమ్‌లు చూడండ్రి: పసుపు (12), నీలం (మైనస్ 12), ఎరుపు (5) ఒక్కొక్కటీ నలుపుకు.

టంకంపొగ:
అన్నా, బ్యాటరీ సంగతి నేను చెప్తా. కాళ్లు కట్టర్‌తో కత్తిరించి తీయండి. లాగితే ప్యాడ్ లేచి వస్తది. అది నికెల్ క్యాడ్మియం, లోపలిది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. ఉత్త స్పిరిట్‌తో ఎంత తుడిచినా లాభం లేదు, పులుపు కావాలి. తెల్ల వెనిగర్ పాత టూత్‌బ్రష్‌తో రాసి ఐదు నిమిషాలు ఉంచి తుడవండి, పచ్చ పోయేదాకా మళ్లీ మళ్లీ. తర్వాత కడగాలి గానీ బోరు నీళ్లతో వద్దు. మన నల్గొండ నీళ్ల సంగతి తెలిసిందేగా, ఆరినాక తెల్ల ఉప్పు చిప్పుల కాళ్ల సందుల్లో మిగులుతది. ఇన్వర్టర్ షాపులో బ్యాటరీ వాటర్ ఒక లీటరు తెచ్చుకోండి (డిస్టిల్డ్ వాటరే, యాసిడ్ డబ్బా ఇస్తే వద్దనండి). చివరికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. శానిటైజర్ వాడకండి, గ్లిజరిన్ జిగురు మిగులుతది. ఫ్యాన్ కింద ఒక రోజు ఆరనివ్వండి.

ట్రాక్ మీద పూత ఉబ్బిన చోట బ్లేడుతో మెల్లగా గీకండి. రాగి మెరిస్తే పైన లెడ్ (టంకం) పూయండి. నల్ల పొడి రాలితే ఆ ట్రాక్ లేనట్టే, 30 గేజ్ సన్న వైరుతో జంపర్ వేయాలి (తెగిన రెండు కొసలను కలపాలి). కీబోర్డు సాకెట్ ఒకటో పిన్ (క్లాక్), రెండో పిన్ (డేటా) నుంచి 40 కాళ్ల కీబోర్డు కంట్రోలర్ దాకా తప్పక చూడండి. ప్రాసెసర్‌ను రీసెట్ చేసే లైను కూడా ఆ చిప్‌ దగ్గరి నుంచే పోతుంది. అది చెడితే బీప్ కూడా రాదు.

సీఆర్2032 ఉత్తగా అతికించొద్దు. బోర్డు దానికి ఛార్జింగ్ పంపుతది, అది ఛార్జ్ అయ్యే సెల్లు కాదు, ఉబ్బుతది. మధ్యలో 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) వేయండి, గీత బోర్డు ప్లస్ వైపు. బోర్డు మీద నాలుగు పిన్నుల ఎక్స్‌టర్నల్ బ్యాటరీ హెడర్ (బయటి బ్యాటరీ తగిలించే చోటు) ఉంటే ఇంకా మేలు: మూడు ఏఏ సెల్లుల హోల్డర్ పెట్టి బోర్డు మీది జంపర్ (పిన్నులను కలిపే చిన్న టోపీ) మార్చండి. క్యాబినెట్ అడుగున పెడితే రేపు కారినా బోర్డుకు అంటదు.

మిర్యాలగూడ486:
ఎస్‌ఎంపీఎస్ విడిగా మంచిగనే ఉంది: 5.08, 11.9. బోర్డు మీద ఎరుపు 38 ఓమ్‌లు, నీలం 900 పైన, పసుపు 2 ఓమ్‌లు. కార్డులు లేవు.

పీ8పీ9:
దొరికింది: పసుపు 2 ఓమ్‌లే అంటే 12 వోల్టుల లైనే షార్ట్. ఐఎస్‌ఏ స్లాట్ల దగ్గర చుక్క ఆకారంలో పసుపు టాంటలం కెపాసిటర్లు ఉంటయి, 12 వోల్టుల లైనుది ఒకటి షార్ట్. అవి పోతే చాలాసార్లు షార్ట్ అయ్యే పోతయి. 12 వోల్టుల దాని మీద 16 వోల్టులది వేసి పెట్టినరు, దమ్ము తక్కువ. ఒక్కొక్కదాని ఒక కాలు లేపి మీటర్ చూడండ్రి. 2 ఓమ్‌లు పోయిన చోట ఆగుండ్రి. పాత లెడ్ కరగకుంటే ఫ్లక్స్ పెట్టి కొత్త 60/40 టంకం కలపండ్రి.

కొత్తది 10 మైక్రోఫారడ్, 25 వోల్టులు. కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. టాంటలం మీద గీత ఉన్న కాలు ప్లస్; మామూలు ఎలక్ట్రోలిటిక్ మీద గీత మైనస్. ఇక్కడనే చాలామంది ఉల్టా వేస్తరు, స్విచ్ వేయంగనే మంట.

మొదటిసారి 100 వాట్ల పాత (ఫిలమెంట్) బల్బు మెయిన్స్ వైరుకు సీరీస్‌లో పెట్టి వేయండ్రి. ఒకసారి మెరిసి మందగిస్తే మంచిది, వెలుగుతనే ఉంటే వెంటనే ఆపండ్రి. పీ8, పీ9 (ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే రెండు పవర్ కనెక్టర్లు) పెట్టేటప్పుడు నల్ల వైర్లు నాలుగూ మధ్యలో పక్కపక్కన రావాలె.