కందిరీగల గూడు ఖాళీ అయింది, మళ్లీ కడతాయా?

నమస్కారం అండి. తిరుపతి జిల్లా దామలచెరువు దగ్గర మాకు మామిడి తోట ఉంది. మోటారు షెడ్డు చూరు కింద రెండు నెలలుగా చిన్న కందిరీగల గూడు ఉండేది. కాగితంలాంటి బూడిదరంగు గూడు, పైన కప్పు లేదు, గదులన్నీ బయటికే కనిపిస్తాయి. గొంగళి పురుగులను పట్టి తెచ్చి పిల్లలకు పెట్టడం రోజూ చూసేవాణ్ణి. అందుకే దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

మొన్న ఒక పెద్ద కందిరీగ వచ్చింది. నల్లటి ఒళ్లు, పొట్ట మీద అడ్డంగా వెడల్పాటి పసుపు పట్టీ. వెస్పా ట్రోపికా అనే జాతి అనుకుంటున్నా. అది ఇలాంటి గూళ్ల మీద పడి పిల్లపురుగులను ఎత్తుకెళ్తుంది. చిన్నవి ఎదిరించలేదు, పక్కకు తప్పుకున్నాయి. గదులన్నీ ఖాళీ. ఇప్పుడు పది పన్నెండు కందిరీగలు చూరుకే గుంపుగా అంటుకుని ఉన్నాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

ఈ చిన్నవి రోపాలిడియా మార్జినేటా అనే జాతి కావచ్చా? ఎర్రటి గోధుమరంగు, పొట్ట మీద సన్నటి పసుపు గీత. ఆ జాతిలో రాణి పోతే కూలి కందిరీగల్లోనే ఒకటి రాణి అవుతుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో రాఘవేంద్ర గడగ్కర్ గారి బృందం చూపించింది. మరి ఇక్కడ రాణి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? నా కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. పాత గూట్లోనే గుడ్లు పెడతాయా, కొత్తది కడతాయా? వచ్చే వారం షెడ్డుకు సున్నం వేయించాలి, ఆపమంటారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.