ఒకే బరువున్న రెండు పెట్టెల్లో థర్మకోల్‌దే బరువనిపించాలి: లోహపు చల్లదనాన్ని ఎలా తీసేయాలి?

8 సెంటీమీటర్ల ఘనాలు రెండు. ఒకటి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు పెట్టె, ఇంకోటి మధ్యలో తొలిచిన థర్మకోల్ దిమ్మ. లోపల ఇనుప గుళ్లు పోసి రెండిటినీ సరిగ్గా 400 గ్రాములకు తెచ్చాం. గుళ్లు కదిలితే చెయ్యి ఇట్టే పసిగడుతుంది, అందుకే మైనం పోసి సరిగ్గా నడిమధ్యలో బిగించాం.

లోహం బరువుంటుందని, థర్మకోల్ తేలికని కంటికి ముందే తెలుసు. ఆ అంచనా తప్పుతుంది కాబట్టి, ఎత్తాక థర్మకోల్ ముక్కే బరువనిపించాలి. ఈ భ్రమ 19వ శతాబ్దం నుంచీ తెలిసినదే. కానీ మా పెట్టెలతో చాలామంది రెండూ ఒకటే అంటున్నారు.

రెండు కారణాలు అనుమానిస్తున్నాం. ఒకటి, నున్నటి రేకు జారకుండా వేళ్లు ఎక్కువ బిగించాలి, ఆ బిగువునే మెదడు బరువుగా లెక్కేసుకుంటుంది. రెండోది చల్లదనం. చల్లటి నాణెం వెచ్చటిదానికంటే బరువుగా తోస్తుందని స్పర్శ మీద పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ ఎప్పుడో గమనించాడు. ఈ రెండూ లోహం వైపే మొగ్గి అసలు భ్రమను మింగేస్తున్నట్టున్నాయి.

వేళ్లు ఆనేచోట రెండిటికీ 220 నంబరు గరుకు కాగితం అంటిస్తే జారుడు సమస్య పోతుంది, కానీ అప్పుడు పదార్థం స్పర్శే ఉండదు, చూపు ఒక్కటే మిగులుతుంది. మాకు స్పర్శ కూడా కావాలి.

పెట్టెను చర్మపు వేడికి, అంటే 32 డిగ్రీల దాకా, వెచ్చబెడితే సరిపోతుందా? లేక చల్లదనం పోతే అది లోహమన్న భావమే పోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.